రేడియోలో సాంస్కృతిక సాయంత్రం: అపోహలు - వాస్తవాలు

విజయనగరంలో ఉంటూ విశాఖపట్నం ఆకాశవాణికి వెళ్లి నాటకాల్లో పాత్రలు ధరించేవారిలో నేనూ ఒకణ్ణి. నాటకం, సంగీతం, కవిత్వం, ప్రసంగం కలిసిన సాయంకాల కార్యక్రమం గురించి, బాగా చదువుకున్నవారు కూడా నాతో అనే కొన్ని మాటలకు ఇక్కడ సమాధానం రాస్తున్నాను.

అపోహ: రేడియో నాటకమంటే కాగితం చూసి చదవడమే.

వాస్తవం: కంఠతా పట్టనక్కర లేదన్నది నిజమే కానీ, చదువుతున్నట్టు వినిపించిన మరుక్షణం పాత్ర చచ్చిపోతుంది. రాతప్రతికి ఉన్న పిన్ను తీసేసి కాగితాలను విడివిడిగా పట్టుకుంటాం. అయిపోయిన కాగితాన్ని చప్పుడు కాకుండా తివాచీ మీదికి జారవిడుస్తాం. వీధిగుమ్మంలోంచి పిలుస్తూ వచ్చే పాత్రధారి మైకుకు నాలుగడుగుల దూరంలో, ముఖం పక్కకు తిప్పి మాట మొదలుపెట్టి, మాట వెంట మాటగా దగ్గరకొస్తాడు. రహస్యం చెప్పే పాత్ర జానెడు దూరంలో నిలబడుతుంది. రంగస్థలం మీద తెరలూ దీపాలూ చేసే పనిని ఇక్కడ ఆ దూరాలు చేస్తాయి. మంట కావాలంటే సెలోఫేన్ కాగితం నలుపుతారు, గుర్రం కావాలంటే కొబ్బరిచిప్పలు చరుస్తారు.

అపోహ: మన ఉత్తరాంధ్ర యాస రేడియోకు పనికిరాదు, హాస్యపాత్రకైతే సరే.

వాస్తవం: నన్ను అన్నిటికంటే ఎక్కువ బాధించే మాట ఇది. 1892లో విజయనగరంలోనే తొలిసారి ప్రదర్శించిన, 1897లో అచ్చయిన గురజాడ 'కన్యాశుల్కం' వాడుకభాషలో నడిచిన నాటకం. అలాంటి ఊళ్లో ఉంటూ మన మాటను నవ్వులకే అట్టేపెట్టడం అన్యాయం. 'ఏటి', 'నాను', 'గుంట' అని అక్కడక్కడా చల్లితే యాస రాదు. వాక్యం చివర గొంతు ఎక్కడ సాగుతుందో, ఎక్కడ తెగుతుందో అక్కడ ఉంటుంది యాస. ఒక నాటకంలో వలస వెళ్లే కొడుకుతో శ్రీకాకుళం వైపు తల్లి అనే 'ఎప్పుడు తిరిగి వస్తావు నాయనా' అన్న మాటను, ఆ పాత్ర వేసినామె రిహార్సల్లో 'మల్లెప్పుడొత్తావు బాబూ' అని మార్చి పలికింది. తర్వాతి సంభాషణ అందుకోవలసిన నాకు కొన్ని క్షణాలు గొంతు పెగల్లేదు.

అపోహ: సభల్లో గొప్ప వక్త అయితే రేడియో ప్రసంగం దానంతటదే రక్తి కడుతుంది.

వాస్తవం: రేడియో వినేది ఒక్కొక్కరుగా, వంటింట్లోనో పడకమంచం మీదనో. అక్కడ సభాస్వరం అరుపులా తోస్తుంది. పద్యానికీ ఇదే వర్తిస్తుంది: రాగం మరీ సాగదీస్తే పదం విరిగి అర్థం జారిపోతుంది.

అపోహ: అంశాల మధ్య సంగీతం ఖాళీ నింపడానికే.

వాస్తవం: చోటు మారిందనీ, కాలం గడిచిందనీ శ్రోతకు చెప్పేది ఆ నాలుగు క్షణాల వీణో వేణువో. 1919లో విజయనగరంలో మొదలైన సంగీత కళాశాలకు తొలి అధ్యక్షులు హరికథా పితామహులు ఆదిభట్ల నారాయణదాసు గారు. పాట కథను నడిపించగలదని ఈ ఊరికి వేరే చెప్పాలా?

అపోహ: రాత్రిపూట దూరపు కేంద్రాలు వినిపించడం చల్లగాలి మహిమ.

వాస్తవం: పగటి ఎండకు ఆకాశంలో ఏర్పడే ఒక అయాను పొర (విద్యుదావేశమున్న కణాల పొర) మీడియం వేవ్ తరంగాలను పీల్చేస్తుంది. పొద్దుగూకాక అది కరిగిపోవడంతో తరంగాలు ఇంకా పై పొరను తాకి, వంగి, వందల కిలోమీటర్ల అవతల దిగుతాయి. దాంతో పరాయి కేంద్రాల రొద కూడా మన ప్రసారం మీద పడుతుంది. అందుకే రికార్డింగుకు ముందు సంభాషణల్లో మాట చివర మింగేసే అలవాటున్న చోటల్లా పెన్సిలుతో గీత పెట్టుకుని, ఆ అక్షరాన్ని పూర్తిగా పలికేదాకా మళ్లీ మళ్లీ చదువుకుంటాం.