రోటరీ ఇంజిన్ కారుతో డ్రిఫ్టింగ్ మొదలుపెట్టేవారికి: అపోహలు – వాస్తవాలు

బరంపురం, పర్లాకిమిడి, రాయగడ వైపు నుంచి గల్ఫ్‌కు వెళ్లిన మన తెలుగు యువకులలో కొందరు అక్కడ పాత మాజ్డా ఆర్‌ఎక్స్-8 కొని, దానితో డ్రిఫ్టింగ్ (వెనుక చక్రాల పట్టు తప్పించి కారును పక్కకు జారుస్తూ నడపడం) నేర్చుకోవాలనుకుంటున్నామని నాకు తరచుగా ఫోన్ చేస్తుంటారు. ఆ కారులో ఉండేది రోటరీ ఇంజిన్, అంటే పిస్టన్లకు బదులు మూడు మూలల రోటర్లు తిరిగే రకం. షార్జా గ్యారేజీలలో ఈ ఇంజిన్లను విప్పి బిగించి, ఇప్పుడు బరంపురంలో సొంత షెడ్డు నడుపుకుంటున్న నేను, వారి మాటల్లో పదే పదే వినిపించే అపోహలను తీసుకుని జవాబులు రాస్తున్నాను.

అపోహ: ముందుగా టర్బో (ఇంజిన్‌లోకి గాలిని ఒత్తిడితో నెట్టే పరికరం) వేయించి పవరు పెంచాలి.

వాస్తవం: వద్దు. ఆరు గేర్ల ఆర్‌ఎక్స్-8 ఇంజిన్ సుమారు 230 హార్స్‌పవర్ ఇస్తుంది. కొత్తగా నేర్చుకునేవారికి అది చాలు. ఇందులో తక్కువగా ఉండేది టార్క్, అంటే తిప్పే బలం. అందువల్ల రెండో గేరులో ఇంజిన్‌ను ఎక్కువ వేగంలో ఉంచి, యాక్సిలరేటర్ వదలకుండా క్లచ్‌ను ఒక్కసారి నొక్కి వదిలితే వెనుక చక్రాలు పట్టు తప్పుతాయి. ఇది చేతికీ కాలికీ అలవాటు కావలసిన విద్య కాబట్టి, టర్బోకు పెట్టే డబ్బును టైర్లకు, పెట్రోలుకు పెట్టినవారే త్వరగా నేర్చుకుంటారు. పైగా రోటరీలో పెట్రోలు అకాలంగా పేలితే, అంటే నాకింగ్ వస్తే, రోటరు మూలల్లో ఉండే అపెక్స్ సీళ్లు విరిగిపోతాయి. పెట్రోలు, స్పార్కు లెక్కలు సరిచేయకుండా టర్బో ఒత్తిడి పెంచినప్పుడు జరిగేది సరిగ్గా ఇదే. 1991లో లె మాన్స్ 24 గంటల పందెం గెలిచిన మాజ్డా 787బి కారులో నాలుగు రోటర్లు ఉన్నాయి, టర్బో లేదు.

అపోహ: 9000 ఆర్‌పీఎం (నిమిషానికి చుట్లు) దాకా తిప్పితే ఇంజిన్ పగిలిపోతుంది.

వాస్తవం: మీటరు చూపించేది ఎక్సెంట్రిక్ షాఫ్ట్ వేగాన్ని, అంటే రోటర్లు తిప్పే ప్రధాన ఇరుసు వేగాన్ని. ఆ షాఫ్ట్ మూడుసార్లు తిరిగితే రోటరు ఒక్కసారి తిరుగుతుంది కనుక, మీటరు 9000 చూపుతున్నప్పుడు రోటరు వేగం 3000 మాత్రమే. పిస్టన్‌లాగా పైకీ కిందికీ కొట్టుకునే భాగాలు గాని, వాల్వులు గాని ఇందులో లేవు. నిజానికి ఎప్పుడూ తక్కువ వేగంలోనే నడిపే రోటరీలో మసి పేరుకుని సీళ్లు అతుక్కుపోతాయి. అయితే ఇంజిన్ పూర్తిగా వేడెక్కిన తరువాతే అంత వేగానికి వెళ్లాలి. అలాగే చల్లటి ఇంజిన్‌ను స్టార్ట్ చేసి, కారును నాలుగు అడుగులు జరిపి వెంటనే ఆపేయకూడదు; లోపల పెట్రోలు నిలిచిపోయి, మళ్లీ స్టార్ట్ కాకుండా మొండికేస్తుంది.

అపోహ: ఆయిల్ తాగుతోందంటే ఇంజిన్ అయిపోయినట్లే.

వాస్తవం: సీళ్లకు జారుడుతనం అందడానికి రోటరీ ఇంజిన్ కొద్దిగా ఆయిల్‌ను కావాలనే లోపలికి పంపి కాలుస్తుంది. కాబట్టి ఆయిల్ తగ్గడం జబ్బు కాదు, తగ్గిన సంగతి చూడకపోవడమే ప్రమాదం. డ్రిఫ్ట్ చేసే రోజున పూటకు రెండుసార్లైనా డిప్‌స్టిక్ (ఆయిల్ మట్టం చూపే కడ్డీ) చూడండి. పెట్రోలులో లీటరుకు 4 నుంచి 8 మిల్లీలీటర్ల మంచి టూ-స్ట్రోక్ ఆయిల్ కలపడం నా పద్ధతి. ముఖ్యంగా 2009కి ముందు మోడళ్లకు ఇది మేలు చేస్తుందని నా అభిప్రాయం.

అపోహ: టెంపరేచర్ ముల్లు మధ్యలో ఉంటే భయం లేదు.

వాస్తవం: ఈ అపోహ వల్ల పాడైనన్ని ఇంజిన్లు మరే కారణం వల్లా పాడవడం నేను చూడలేదు. ఆర్‌ఎక్స్-8లో కంపెనీ ఇచ్చిన ముల్లు కూలెంట్ (ఇంజిన్‌ను చల్లబరిచే ద్రవం) వేడి పెరుగుతున్నా చాలాసేపు మధ్యలోనే నిలబడి, పరిస్థితి చేయి దాటాక గాని కదలదు. డ్రిఫ్టింగ్‌లో ఇంజిన్ విపరీతమైన వేగంలో తిరుగుతుంది, కారు మాత్రం నెమ్మదిగా, పక్కకు జారుతూ వెళుతుంది. రేడియేటర్‌కు ఎదురుగాలి తగలదు. రోటరు హౌసింగ్ అల్యూమినియంది, దానికి అటూ ఇటూ ఉండే ప్లేట్లు ఇనుపవి. అతిగా వేడెక్కితే రెండూ ఒకే తీరున వ్యాకోచించవు, మధ్యలోని కూలెంట్ సీళ్లు దెబ్బతింటాయి. అందుచేత కారుకు మొదట వేయవలసింది కూలెంట్‌కూ ఆయిల్‌కూ విడివిడిగా అంకెలు చూపే మీటర్లు. ఆ తరువాత రేడియేటర్‌నూ, ముందు బంపరు మూలల్లోని ఆయిల్ కూలర్లనూ ఇసుక, దుమ్ము లేకుండా కడిగించాలి; రోటర్లను చల్లబరిచేది ఆయిలే కాబట్టి ఆ కూలర్లను తేలికగా తీసుకోవద్దు. రెండు మూడు రౌండ్లు తిప్పగానే ఒక రౌండు నెమ్మదిగా నడిపి ఇంజిన్‌ను చల్లబరచండి.

అపోహ: పాత కారును మామూలు కంప్రెషన్ గేజ్‌తో (ఇంజిన్ లోపలి ఒత్తిడిని కొలిచే మీటరుతో) చూసి కొనవచ్చు.

వాస్తవం: ఒక్కో రోటరుకు మూడు ముఖాలుంటాయి. మామూలు గేజ్ వాటిలో పెద్ద అంకెను ఒక్కదాన్నే చూపిస్తుంది; ఒక ముఖం చచ్చిపోయి ఉన్నా తెలియదు. మూడింటినీ విడిగా చూపే రోటరీ టెస్టరుతోనే చూడాలి. 250 ఆర్‌పీఎం వద్ద 680 కిలోపాస్కల్స్ కన్నా తక్కువ వస్తే ఆ ఇంజిన్‌ను విప్పక తప్పదు. కొన్నాక వెంటనే స్పార్కుకు కరెంటు ఇచ్చే నాలుగు ఇగ్నిషన్ కాయిళ్లనూ ప్లగ్గులనూ మార్చండి. కాయిల్ బలహీనపడితే కాలని పెట్రోలు, పొగను శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్‌లోకి పోయి అది మూసుకుపోతుంది, ఆ వేడి తిరిగి ఇంజిన్ మీదే పడుతుంది.

అపోహ: స్టీరింగ్ యాంగిల్ కిట్ (ముందు చక్రాలు ఇంకా ఎక్కువ తిరిగేలా చేసేది), వెల్డింగ్ చేసిన డిఫరెన్షియల్ (రెండు వెనుక చక్రాలూ ఎప్పుడూ కలిసే తిరిగేలా చేసేది) లేకపోతే మొదలుపెట్టలేము.

వాస్తవం: మొదటి ఏడాది రెండూ అక్కర్లేదు. మాన్యువల్ గేర్ల ఆర్‌ఎక్స్-8లో ఎక్కువ వాటికి కంపెనీ నుంచే లిమిటెడ్ స్లిప్ డిఫరెన్షియల్ (ఒక వెనుక చక్రం ఒక్కటే ఊరికే తిరిగిపోకుండా అడ్డుకునేది) వస్తుంది. సస్పెన్షన్‌లో అరిగిన రబ్బరు బుష్‌లు మార్చి, ముందు చక్రాలకు సుమారు 2 డిగ్రీల నెగటివ్ కేంబర్ (చక్రం పైభాగం లోపలికి వంగి ఉండడం) పెట్టించి, ముందు మంచి పట్టున్న టైర్లు, వెనుక చవకైన గట్టి రబ్బరు టైర్లు వేయండి. కారు జారకుండా అడ్డుపడే స్టెబిలిటీ కంట్రోల్ బటన్‌ను కొన్ని సెకన్లు అలాగే నొక్కి ఉంచితే గాని ఆ వ్యవస్థ పూర్తిగా ఆగదు.

అపోహ: నేర్చుకున్నాక ఆ కారును ఊరికి తెచ్చుకోవచ్చు.

వాస్తవం: కుదరదు. మన దేశంలోకి వాడిన కారు తేవాలంటే దానికి మూడేళ్లు దాటకూడదు, స్టీరింగ్ కుడివైపు ఉండాలి. ఆర్‌ఎక్స్-8 తయారీ 2012లోనే ఆగిపోయింది; గల్ఫ్ కార్లకు స్టీరింగ్ ఎడమవైపు.

అపోహ: ఊళ్లో ఉన్నవారు బరంపురం దగ్గరి తప్తపాణి ఘాట్ రోడ్డు మీద తిప్పుకోవచ్చు, రాత్రిపూట ఖాళీగానే ఉంటుంది కదా.

వాస్తవం: ఉండదు. ఆ మలుపుల్లో లారీలు తిరుగుతాయి, నడిచిపోయే ఊరివాళ్లూ ఉంటారు. మోటారు వాహనాల చట్టంలోని 184వ సెక్షన్ ప్రమాదకరమైన డ్రైవింగ్‌కు, 189వది రోడ్డు మీద పందేలకు వర్తిస్తాయి. గల్ఫ్‌లో ఉన్నవారు దుబాయ్ ఆటోడ్రోమ్ వంటి ట్రాకులలో అనుమతి తీసుకునే తిప్పండి. మొదటి రోజు వెళ్లేటప్పుడు వెనుకకు రెండు అదనపు టైర్లు, రెండు లీటర్ల ఇంజిన్ ఆయిల్, కూలెంట్, ఒక సెట్టు ప్లగ్గులు వెంట పెట్టుకోండి. ప్లగ్గులు కొనేటప్పుడు లీడింగ్ (ముందు స్పార్కు ఇచ్చేది), ట్రెయిలింగ్ (ఆ తరువాత ఇచ్చేది) రకాలు వేరు వేరని దుకాణదారుకు చెప్పి అడగండి. ఒకదాని చోట మరొకటి వేయకూడదు.