సెప్టెంబర్ 17: ఒక తారీఖు, నాలుగైదు పేర్లు

సెప్టెంబర్ రెండో వారం వచ్చిందంటే నల్గొండ, సూర్యాపేట, నకిరేకల్ చౌరస్తాల్లో 1948లో నిజాం భారత సైన్యానికి తలవంచిన ఒకే తారీఖుకు రకరకాల పేర్లతో ఫ్లెక్సీలు లేస్తాయి. బీజేపీకి అది విమోచన దినం. బీఆర్ఎస్‌కు జాతీయ సమైక్యతా దినం. కాంగ్రెస్ ప్రభుత్వం 2024 నుంచి ప్రజాపాలన దినోత్సవం అంటోంది. సీపీఐ, సీపీఎం వారం ముందే సాయుధ పోరాట వారోత్సవాలు మొదలుపెడతాయి. మార్క్సిస్టు-లెనినిస్టు (ఎంఎల్) గ్రూపులు విద్రోహ దినం అంటాయి. పైకి ఇది మాటల పేచీలా కనిపిస్తుంది గానీ అసలు పేచీ కాలం మీద. కథను ఏ సంవత్సరం నుంచి ఎత్తుకోవాలి, ఏ సంవత్సరం దగ్గర ఆపాలి అన్నదాన్ని బట్టే పేరు మారుతోంది.

విమోచన అనేవాళ్లు 1947 నుంచి ఎత్తుకుంటారు. ఆగస్టు 15న దేశమంతా జెండా ఎగిరితే హైదరాబాద్ సంస్థానంలో ఎగరలేదు. తాను స్వతంత్రంగా ఉంటానని ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ జూన్‌లోనే ఫర్మానా ఇచ్చాడు. హైదరాబాద్ స్టేట్ కాంగ్రెస్ ఆగస్టు 7న ‘ఇండియాలో చేరాలి’ అన్న ఉద్యమం మొదలుపెట్టింది. దాని నాయకుడు స్వామి రామానంద తీర్థను జైల్లో పెట్టారు. నవంబర్ 29న ఇండియాతో ఏడాది గడువుతో యథాతథ ఒప్పందం కుదిరింది కానీ, ఊళ్లల్లో యథాతథంగా ఉన్నది ఏదీ లేదు. లాతూరు వకీలు ఖాసిం రజ్వీ చేతికి మజ్లిస్ పార్టీ వచ్చాక దాని సాయుధ కార్యకర్తలైన రజాకార్ల దళాలు పెరిగినయ్. పరకాలలో, బైరాన్‌పల్లిలో జరిగిన కాల్పులు అందరికీ తెలుసు. ఈ వైపు చిట్యాల దగ్గరి గుండ్రాంపల్లి, పాలమూరులో ఆత్మకూరు వైపు అప్పంపల్లి అట్లాంటివే. రజాకార్లను ఎదిరించి రాసిన ‘ఇమ్రోజ్’ సంపాదకుడు షోయబుల్లాఖాన్‌ను 1948 ఆగస్టులో హైదరాబాద్ నడివీధిలో నరికి చంపారు. విమోచన ఉపన్యాసాల్లో ఆయన పేరు ఒక్కోసారి జారిపోతుంది. జారిపోకూడదు.

భారత సైన్యం సంస్థానంలోకి దిగిన ఆ ఐదు రోజుల సంగతి నల్గొండ జిల్లా రోడ్డు మీద నిలబడి చూస్తే తేటగా అర్థమవుతుంది. 1948 సెప్టెంబర్ 13 తెల్లవారుజామున సైన్యం పలు దిక్కుల నుంచి కదిలింది. మేజర్ జనరల్ జె.ఎన్.చౌధురి నడిపిన ప్రధాన దళం షోలాపూర్ నుంచి వచ్చింది. రెండో దళం బెజవాడ నుంచి, ఇప్పటి 65వ నంబరు జాతీయ రహదారి పోయే దారినే వచ్చింది. మొదటి రోజు పొద్దున్నే కోదాడ, మధ్యాహ్నానికి మునగాల. మరునాడు సూర్యాపేటలో ప్రతిఘటన ఎదురైతే విమానాలతో బాంబులు వేసి దారి చేసుకున్నారు. వెనక్కి పోతున్న నిజాం ఫౌజు మూసీ వంతెనను పేల్చింది. పేల్చినవాళ్లు అక్కడ కాపలా పెట్టి కాల్పులు జరపలేదు గనుక వంతెన తొందరగానే బాగైంది, ఆలస్యం పెద్దగా కాలేదు. నార్కట్‌పల్లి దగ్గర ఒక రజాకార్ దళం తుడిచిపెట్టుకుపోయింది. 17 నాటికి సైన్యం చిట్యాల దాకా చేరింది. పొద్దున నిజాం ప్రధాని లాయక్ అలీ మంత్రివర్గం రాజీనామా ఇచ్చింది, సాయంత్రం నిజాం రేడియోలో కాల్పుల విరమణ చెప్పాడు. నిజాం సేనాని ఎల్ ఇద్రూస్ చౌధురి ముందు అధికారికంగా లొంగిపోయింది 18న. పల్లెల్లో ముసలివాళ్లు దీన్ని ఇప్పటికీ ‘పోలీస్ యాక్షన్’ అనో, ‘మిలట్రీ వచ్చిన యేడు’ అనో అంటారు. విమోచన, విలీనం ఆ తరం నోట పుట్టిన మాటలు కావు, తర్వాత వేదికల మీద నుంచి దిగినవి.

ఈ రోజును విలీనం అనేవాళ్లకూ ఒక చిక్కుంది. కాయితం మీద చూస్తే 17న విలీనం జరగలేదు. మిగతా సంస్థానాల మాదిరిగా హైదరాబాద్ చేరిక పత్రం మీద సంతకం చేయలేదు. చౌధురి మిలిటరీ గవర్నర్‌గా పాలించాడు. 1949 ఆగస్టులో జాగీర్లు రద్దయినయ్. భారత రాజ్యాంగాన్ని ఒప్పుకుంటూ నిజాం ఫర్మానా ఇచ్చింది 1949 నవంబర్‌లో, అమల్లోకి వచ్చింది 1950 జనవరి 26న. అదే నిజాం 1956 అక్టోబర్ 31 దాకా రాజప్రముఖ్‌గా, అంటే గవర్నర్ లాంటి రాష్ట్రాధిపతిగా, కొనసాగాడు. ఎవరి నుంచి విమోచన అయితే ఆయనకే ఆ పదవి ఎట్లా ఇచ్చారన్న ప్రశ్న ఇక్కడే పుడుతుంది. దానికి విమోచన వాదుల దగ్గర గట్టి జవాబు ఇంతవరకు వినలేదు.

సైన్యం వచ్చాక జరిగిన దానికీ ఒక లెక్క ఉంది. కేంద్రం పంపిన పండిత్ సుందర్‌లాల్ బృందం ముస్లింల మీద జరిగిన హింసలో 27 వేల నుంచి 40 వేల మంది చనిపోయి ఉంటారని అంచనా వేసింది. ఎక్కువ చావులు ఉస్మానాబాద్, గుల్బర్గా, బీదర్, నాందేడ్ జిల్లాల్లో. ఆ నివేదిక దశాబ్దాల పాటు బయటికి రాలేదు. 2022లో మజ్లిస్ అధినేత అసదుద్దీన్ ఒవైసీ విమోచన వద్దు, సమైక్యతా దినమనండి అని కేంద్రానికీ రాష్ట్రానికీ లేఖలు రాశారు. ఆ మాట వెనుక ఈ జ్ఞాపకం ఉంది.

నల్గొండ ఎర్రజెండాల కథ ఇంకా ముందు నుంచి మొదలై, ఇంకా ఆలస్యంగా ఆగుతుంది. ఆంధ్ర మహాసభ 1944లో భువనగిరిలో చీలింది. రావి నారాయణరెడ్డి నాయకత్వంలో అది సంఘమై ఊరూరా పాకింది. 1946 జూలై 4న కడివెండిలో విసునూరు దేశ్‌ముఖ్ మనుషుల తూటాకు దొడ్డి కొమురయ్య పడిపోయాడు. వెట్టి, నాగులు (ధాన్యం వడ్డీ అప్పులు), బేదఖళ్లు (భూమి నుంచి వెళ్లగొట్టడాలు), గడీ దౌర్జన్యం, వీటి మీదనే లేచిన పోరాటమది. తన భూమి కోసం అదే దేశ్‌ముఖ్‌ను ఎదిరించి బలైన షేక్ బందగీ ముస్లిం రైతు. దొర హిందువు, రైతు ముస్లిం అయిన ఈ తగాదా మతం లెక్కలో ఇమడదు, అందుకే కమ్యూనిస్టులు బందగీ పేరు మర్చిపోరు. 1947 సెప్టెంబర్ 11న రావి నారాయణరెడ్డి, బద్దం ఎల్లారెడ్డి, మఖ్దూం మొహియుద్దీన్ సాయుధ పోరాటానికి పిలుపునిచ్చారు.

సైన్యం రజాకార్లను అణచిన తర్వాత తుపాకులు సంఘం వైపు తిరిగినయ్. పట్నం పారిపోయిన దొరలు గాంధీ టోపీలు పెట్టుకొని మిలట్రీ వెంట ఊళ్లకు తిరిగొచ్చారన్న మాట సూర్యాపేట, హుజూర్‌నగర్ పల్లెల్లో నేటికీ వినబడుతుంది. దళాలు మైదానం వదిలి నల్లమలకు, గోదావరి అడవులకు పోయినయ్. పోరాటం ఆపినట్టు ప్రకటించింది 1951 అక్టోబర్ 21న. అంటే 17 తర్వాత ఇంకో మూడేండ్లు. పంచిన భూమి చాలాచోట్ల మళ్లీ దొరల చేతికి పోయింది. విద్రోహం అనేది ఆ మూడేండ్లను చూసి అన్న మాట. 1952 ఎన్నికల్లో కమ్యూనిస్టు పార్టీ మీద నిషేధం ఉండగానే పీపుల్స్ డెమోక్రటిక్ ఫ్రంట్ (పీడీఎఫ్) తరఫున నిలబడ్డ రావి నారాయణరెడ్డికి నల్గొండలో నెహ్రూ కంటే ఎక్కువ ఓట్లు పడ్డాయి. జనం ఏ కథను నమ్మారో చెప్పడానికి ఇంతకంటే పెద్ద ఆధారం దొరకదు.

మరాఠ్వాడాలో ఈ రోజును ముక్తి సంగ్రామ దినంగా మహారాష్ట్ర ప్రభుత్వం జరుపుతుంది. కర్ణాటక కూడా జరుపుతుంది, 2019లో అదే రోజున ఆ ప్రాంతానికి కల్యాణ కర్ణాటక అని పేరు మార్చింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మాత్రం సర్కారు పండుగ కాలేదు. మజ్లిస్‌కు జడిసి అని బీజేపీ ఆరోపణ. ఉద్యమ కాలంలో అధికారికంగా జరపాలని అడిగిన టీఆర్‌ఎస్ (ఇప్పటి బీఆర్ఎస్), 2014లో గద్దెనెక్కాక మాట మార్చింది. 2022లో కేంద్రం పరేడ్ గ్రౌండ్‌లో అమిత్ షాతో విమోచన దినం చేయించేసరికి, కేసీఆర్ పబ్లిక్ గార్డెన్స్‌లో సమైక్యతా దినం జెండా ఎగరేశారు. 2024 మార్చిలో కేంద్ర హోంశాఖ ఏటా సెప్టెంబర్ 17 హైదరాబాద్ విమోచన దినమని గెజిట్ ఇచ్చింది. ఇప్పుడు ఒకే రోజు హైదరాబాద్‌లో రెండు ప్రభుత్వాల జెండాలు, రెండు పేర్లు.

ఉపన్యాసాల్లో, పోస్టుల్లో తరచూ తప్పేది జిల్లాల దగ్గర. అప్పటి నల్గొండ జిల్లాలో జనగామ తాలూకా ఉండేది. కడివెండి, పాలకుర్తి సంఘటనలను ‘నల్గొండ’ అని పాత రికార్డు అంటే అది తప్పు కాదు, ఇప్పుడవి జనగామ జిల్లాలో ఉన్నాయి. పాలమూరుదీ అదే తీరు. గద్వాల, ఆలంపూర్ అప్పుడు రాయచూరు జిల్లావి, కొడంగల్ గుల్బర్గా జిల్లాది, మూడూ 1956లోనే మహబూబ్‌నగర్‌లో కలిశాయి. సరిహద్దు కొద్దిగా అటు జరిగి ఉంటే ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి నియోజకవర్గం కొడంగల్ ఈ రోజున కల్యాణ కర్ణాటక ఉత్సవం చేసుకునేది.

ఊరి స్థాయిలో తగాదా జెండా గద్దె దగ్గర వస్తుంది. నిలువు ఒకటైతే అడ్డం ఒకటిన్నర ఉన్న త్రివర్ణం, కాషాయం పైకి. అదే కర్రకు ఇంకో జెండా కట్టకూడదు, పక్కన మరో జెండా దానికంటే ఎత్తులో గానీ సమానంగా గానీ ఎగరకూడదు. జెండా కోడ్ చెప్పేది ఇంతే. పార్టీల గద్దెలు పంచాయతీ గద్దెకు ఆనుకొని ఉన్న ఊళ్లల్లో ఎర్రజెండానో, గులాబీనో, కాషాయమో ముందురోజే ఎగిరి ఉంటుంది. పార్టీలతో మాట్లాడి దాన్ని ముందే దించి పెట్టుకోకపోతే, పొద్దున సరిగ్గా జెండా ఎగరేసే వేళకు పంచాయతీ కార్యదర్శి మీద పడుతుంది లొల్లి.

మునగాల పరగణా సంగతి వీటన్నిటికీ అవతలిది. చుట్టూ నైజాం ఇలాకా, నడుమ కృష్ణా జిల్లా ముక్క. బ్రిటిష్ ఇండియాలో ఉంది కనుక అక్కడ 1947 ఆగస్టు 15నే స్వాతంత్ర్యం వచ్చింది. సరిహద్దు దాటి వచ్చిన సంఘం వాళ్లకు అది తలదాచుకునే జాగా. ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డ తర్వాతే నల్గొండలో కలిసింది, ఇప్పుడు సూర్యాపేట జిల్లా. నిజాం పాలన కింద లేని ఆ ఊళ్ల పంచాయతీల్లోనూ సెప్టెంబర్ 17న, ఆ ఏడు సర్కారు ఏ పేరు పంపితే ఆ పేరుతో, జెండా ఎగురుతుంది.