రెండు భాషల్లో బతికే బుర్ర

పెద్దవయసులో బుర్ర చురుగ్గా ఉండాలంటే ఏం చేయాలని అడిగితే ఒకరు సుడోకు అంటారు, ఇంకొకరు బాదంపప్పు అంటారు. నేనైతే ముందు ఇచ్ఛాపురం వైపు చూడమంటాను.

శ్రీకాకుళం జిల్లా చివర, ఒడిశా సరిహద్దులో ఉన్న ఊరది. అక్కడ కూరగాయలమ్మే మామ్మను ఎవరైనా "బైగొణొ కేతే?" అని అడిగితే ఒడియాలో ధర చెబుతుంది. ఆ వెంటనే పక్కనున్న కోడలితో "ఆ వంకాయలు ఇటు జరుపమ్మా" అంటుంది. ఆ క్షణంలో ఆమె మెదడులో రెండు భాషల మాటలూ లేస్తాయి. ఒకదాన్ని అణచిపెట్టి రెండోదాన్ని నోటికి అందించాలి. నుదుటి వెనకుండే మెదడు భాగానికి ఇది రోజంతా సాగే కసరత్తు.

దీనివల్ల లాభముందా? హైదరాబాద్‌ నిమ్స్‌లో డాక్టర్ సువర్ణ అల్లాడి బృందం 648 మంది డిమెన్షియా (జ్ఞాపకశక్తి, ఆలోచన మెల్లగా సన్నగిల్లే జబ్బు) రోగుల వివరాలు పరిశీలించి 2013లో ఫలితాలు ప్రచురించింది. ఒక్క భాషే వచ్చినవాళ్లకంటే, రెండో భాష కూడా మాట్లాడేవాళ్లలో జబ్బు సగటున నాలుగున్నరేళ్లు ఆలస్యంగా బయటపడింది. బడి ముఖం చూడనివాళ్లలోనూ ఆ తేడా ఉంది. నాకు అన్నిటికంటే విలువగా తోచేది ఇదే. చదువు లేదు కదా, ఇంక మాకేం ఉందిలే అని ఏ పెద్దావిడా అనుకోనక్కర్లేదు.

అయితే భాష జబ్బును ఆపదు. మెదడు కణాలు దెబ్బతింటున్నా, మిగిలిన దారుల్లో పని నడిపించుకునే శక్తి పెరుగుతుందని శాస్త్రవేత్తల ఆలోచన. ఇతర దేశాల్లో జరిగిన అధ్యయనాలన్నిట్లోనూ ఇంత తేడా కనిపించలేదు కూడా.

ఈ జిల్లాలోనే పుట్టిన గిడుగు రామమూర్తి సవర గిరిజనుల మధ్య తిరిగి వాళ్ల భాష నేర్చుకున్నారు. మన్యం జ్వరాలకు వాడిన క్వినైన్‌ వల్ల ఆయనకు వినికిడి పోయిందంటారు. అయినా 1938లో, డెబ్బై అయిదేళ్లు దగ్గరపడ్డాక, సవర నిఘంటువు వెలువరించారు.

అందరూ గిడుగులు కాలేరు. చెముడు వచ్చిన పెద్దాయన మెల్లగా మాటలు తగ్గించేస్తాడు. ఇంట్లోవాళ్లకీ అరిచి చెప్పే ఓపిక పోతుంది. మాట తగ్గితే మెదడుకు పనీ తగ్గుతుంది. డిమెన్షియాకు దారితీసే, మనం సరిదిద్దుకోగల 14 కారణాలను లాన్సెట్ అనే వైద్య పత్రిక వేసిన నిపుణుల కమిషన్ 2024లో చెప్పింది. వాటిలో బీపీ, షుగర్, పొగతాగడం, ఒంటరితనంతో పాటు వినికిడి లోపం కూడా ఉంది. ఆ 14నీ అదుపు చేయగలిగితే దాదాపు 45 శాతం కేసులను నివారించడమో, ఆలస్యం చేయడమో వీలవుతుందని అంచనా.

కళ్లజోడు పెట్టుకోవడానికి లేని నామోషీ చెవి మిషన్‌కి ఎందుకో మరి! మీ ఇంట్లో పెద్దవాళ్లు టీవీ సౌండ్ పెంచుతూ పోతుంటే విసుక్కోకుండా ఒకసారి ఈఎన్‌టీ డాక్టరుకు చూపించండి. కొందరికి చెవిలో పేరుకున్న గులిమి తీయిస్తే చాలు, మళ్లీ మాటల్లో పడతారు.