ప్రైమర్ మారిస్తే గురి కుదురుతుందా? రైఫిల్ రీలోడింగ్‌లో అపోహలు – వాస్తవాలు

డల్లాస్ చుట్టుపక్కల మన తెలుగువాళ్ళు రైఫిల్ షూటింగ్‌లోకి బాగానే వస్తున్నారు. వారాంతాల్లో రీలోడింగ్ (కాల్చేసిన ఖాళీ కేసులో, అంటే ఇత్తడి తొడుగులో, మళ్ళీ ప్రైమర్, పౌడరు, బులెట్ పెట్టి తూటా కట్టుకోవడం) నేర్పుతుంటాను కాబట్టి వాళ్ళ సందేహాలన్నీ నా బల్ల దగ్గరికే చేరతాయి. అన్నిటికంటే ముందు వచ్చే ప్రశ్న ఒకటే: "అన్నా, ఏ ప్రైమర్ మంచిది?" ప్రైమర్ అంటే కేసు అడుగున ఉండి, రైఫిల్‌లోని ఫైరింగ్ పిన్ దెబ్బకు పేలి పౌడరును అంటించే చిన్న కప్పు. నిజానికి అడిగే మనిషి జవాబు ముందే అనుకుని వస్తాడు. ఫెడరల్ 210ఎం తప్ప మరొకటి ముట్టకూడదని ఎవరో చెప్పి ఉంటారు. లేదా సీసీఐ బీఆర్2కి మారగానే ఎస్‌డీ (స్టాండర్డ్ డీవియేషన్, రౌండు రౌండుకూ తూటా వేగం ఎంత మారుతోందో చెప్పే కొలత) సగానికి పడిపోయిందని ఏదో వీడియోలో చూసి ఉంటాడు. నేను అవునంటే ఆ రాత్రికే ఆర్డరు పెట్టేస్తాడు.

ఒక్క మాట ముందే చెప్పాలి. ఇది అమెరికాలో చట్టబద్ధంగా సాగే అభిరుచి గురించి. భారతదేశంలో 1959 ఆయుధాల చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా తూటాలు తయారు చేయడం నేరం. ఊరి నుంచి ఫోను చేసి వివరాలు అడిగే బంధువులకు నేను చెప్పేది అంతే.

అపోహ: "ఐదు రౌండ్లు కాల్చి చూశాను, ఈ ప్రైమరే బాగుంది."

వాస్తవం: ఐదు రౌండ్లకు ప్రైమర్ సంగతి తేలదు. నేను చూసినంతలో మిగతా అపోహలన్నీ కలిపినా జేబుకు ఇంత చిల్లు పెట్టవు. అందుకే దీని మీద కాస్త ఎక్కువసేపు మాట్లాడతాను.

2020 తరువాత ప్రైమర్లకు కరువు వచ్చిన రోజులు చాలామందికి గుర్తుండే ఉంటాయి. అంతకుముందు వెయ్యి ప్రైమర్లు 30, 40 డాలర్లకు దొరికేవి. ఆ కరువులో 100 డాలర్లు దాటినా కొన్నవాళ్ళున్నారు. దొరక్క కొంటే అర్థం చేసుకోవచ్చు. కానీ అల్మారాలో మంచి ప్రైమర్లు పెట్టుకుని, ఫలానా నంబరే కావాలని అంత డబ్బు పోసిన వాళ్ళను చూస్తే ప్రాణం ఉసూరుమంటుంది. ఖర్చు పెట్టెతో ఆగదు కూడా. కొత్త ప్రైమర్‌తో లోడును (ప్రైమర్, పౌడరు, బులెట్ల కూర్పును) మళ్ళీ మొదటినుంచి కట్టుకోవాలి. అంటే పౌడరు, బులెట్లు, అన్నిటికంటే ముఖ్యంగా బ్యారెల్ (రైఫిల్ గొట్టం) ఖర్చవుతాయి. 6.5 క్రీడ్‌మూర్ అనే రకం తూటా కాల్చే బ్యారెల్ మ్యాచ్ స్థాయి గురిని సుమారు 2,500 నుంచి 3,000 రౌండ్ల దాకా నిలుపుకుంటుంది. అందులో పెద్ద వాటా ప్రైమర్ల పోటీకే పోతే ఇక మ్యాచ్‌కు ఏం మిగులుతుంది?

లెక్క చూడండి. ఐదు రౌండ్లకు క్రోనోగ్రాఫ్ (తూటా వేగం కొలిచే పరికరం) ఎస్‌డీ సెకనుకు 8 అడుగులని చూపించిందనుకుందాం. 95 శాతం నమ్మకంతో మనం చెప్పగలిగేది, అసలు ఎస్‌డీ సుమారు 5కూ 23కూ మధ్య ఎక్కడో ఉందని మాత్రమే. అదే 8 అంకె 20 రౌండ్లకు వస్తే ఆ పరిధి 6 నుంచి 12కు దగ్గరపడుతుంది. ఈఎస్ (అన్నిటికంటే ఎక్కువ వేగానికీ తక్కువ వేగానికీ మధ్య తేడా) సంగతి ఇంకా అన్యాయం. ఎన్ని ఎక్కువ కాలిస్తే అది అంత పెరుగుతుంది. సగటున ఐదు రౌండ్లకు ఎస్‌డీకి 2.3 రెట్లు, 20 రౌండ్లకు 3.7 రెట్లు ఉంటుంది. ఒకడు ఐదు రౌండ్ల ఈఎస్ చెబుతాడు, ఇంకొకడు 20 రౌండ్లది చెబుతాడు, రెండింటినీ పక్కపక్కన పెట్టి ఎవరి ప్రైమర్ గొప్పదో తేల్చేస్తారు!

ఇంత చెప్పినా నమ్మని కుర్రాడొకడు వచ్చాడు. ఉద్యోగం సాఫ్ట్‌వేర్ టెస్టింగ్. నాలుగు రకాల ప్రైమర్లు, రకానికి ఐదు రౌండ్లు, రంగురంగుల పట్టిక వేసుకొచ్చాడు. ఆ ఎండలో అంత శ్రద్ధగా కూర్చుని అంకెలు రాసుకున్నవాణ్ణి కసరడానికి మనసొప్పలేదు. రెండు పళ్ళేల్లో ప్రైమర్లు పోసి, ఒకదానికి ఎర్ర స్టిక్కరు, ఒకదానికి నీలం స్టిక్కరు అంటించి ఇచ్చాను. మిగతావన్నీ ఒకటే: అదే కేసు, అదే పౌడరు, అదే బులెట్. చెరి ఐదు కాల్చాడు. ఎర్రదానికి ఎస్‌డీ 6, నీలందానికి 13 వచ్చాయి. ముఖం వెలిగిపోయింది.

"ఎర్రది ఏ కంపెనీది అన్నా?"

జేబులోంచి పెట్టె తీసి బల్ల మీద పెట్టాను. రెండు పళ్ళేల్లోకీ పోసింది ఆ ఒక్క పెట్టెలోంచే. లాటు (ఒకే విడతలో తయారైన సరుకు) నంబరు కూడా ఒకటే. పెట్టెను అటూ ఇటూ తిప్పి చూసుకున్నాడు.

"అయితే నా పట్టిక?"

"పట్టిక బాగానే ఉంది తమ్ముడూ. అందులో ప్రైమర్ల సమాచారమే లేదు."

ప్రైమర్‌కు ప్రభావం లేదని నేననడం లేదు. రకం మారితే సగటు వేగం మారుతుంది, కొన్ని లోడ్లలో ఎస్‌డీ కూడా మారుతుంది. 1,000 గజాల దగ్గర సెకనుకు 10 అడుగుల వేగం తేడా వస్తే తూటా సుమారు 3 అంగుళాలు పైకో కిందికో పోతుంది. ఎఫ్-క్లాస్ (దూరపు రైఫిల్ పోటీ) లక్ష్యంలో ఆ దూరానికి నట్టనడిమి ఎక్స్ వలయం 5 అంగుళాలు, 10 వలయం 10 అంగుళాలు. అక్కడ పోటీపడేవాడికి ఎస్‌డీ అన్నం పెడుతుంది. 100 గజాల దగ్గర కాల్చేవాడికి సెకనుకు 30 అడుగుల తేడా వచ్చినా పదో వంతు అంగుళం కదలదు. ఈ ప్రశ్న అడిగేవాళ్ళలో ఎక్కువమంది కాల్చేది ఆ 100 గజాల దగ్గరే.

పోల్చి తీరాలనుకుంటే రెండు రకాలు చాలు. ఒకే లాటులో తగినన్ని దొరికేవి తీసుకోండి. రెంటికీ పౌడరు విడివిడిగా, కింది నుంచి కట్టుకోండి. ఆ తరువాత రకానికి కనీసం 20 రౌండ్లు, ఒకే రోజు, ఇదొకటి అదొకటి మార్చి మార్చి కాల్చండి. అలాగైతే బ్యారెల్ వేడి, మసి రెంటికీ సమానంగా పడతాయి. తేడా తేలకపోతే చవకగా దొరికేది కొనుక్కోండి.

అసలు "ఈ ప్రైమర్ బాగాలేదు" అని నా దగ్గరికి వచ్చే రైఫిళ్ళలో చాలావాటికి జబ్బు ఇంకోచోట ఉంటుంది. ముందు నేను చూసేది సీటింగ్, అంటే ప్రైమర్ సరిగా కూర్చుందో లేదో. ప్రైమర్ పాకెట్ (ప్రైమర్ కూర్చునే గుంట) అడుగున మసి గట్టిపడి ఉంటే యాన్విల్ (ప్రైమర్ లోపలి చిన్న లోహపు ముక్క) కాళ్ళు సరిగా ఆనవు. చేతి పనిముట్టుతో నెమ్మదిగా నొక్కితే రెండు దశలు వేలికి తెలుస్తాయి. ముందు కప్పు పాకెట్ గోడలను ఒరుసుకుంటూ దిగే బిగువు, తరువాత కాళ్ళు అడుగును తాకి ఆగే గట్టిదనం. ఆ రెండోది తగలలేదంటే ప్రైమర్ కూర్చోలేదన్నమాట. కేసు అడుగు మట్టానికి అంగుళంలో 3 నుంచి 5 వేల వంతులు లోపలికి ఉండాలి. పైకి పొడుచుకు వస్తే ఫైరింగ్ పిన్ మొదటి దెబ్బ దాన్ని లోపలికి నెట్టడానికే ఖర్చవుతుంది. పేలదు, లేదా ఆలస్యంగా పేలుతుంది. తప్పు మాత్రం కంపెనీ మీదికి పోతుంది. ఆ తరువాత బోల్టు (ఫైరింగ్ పిన్ ఉండే భాగం) విప్పి చూస్తాను. నీరసించిన ఫైరింగ్ పిన్ స్ప్రింగు, చలికి గడ్డకట్టిన గ్రీజు. స్ప్రింగు మారిస్తే పోయే రోగానికి ప్రైమర్ పెట్టెలు కొనేవాళ్ళు ఎందరో.

అపోహ: "ప్రైమరే కదా, పౌడరు కొలత మార్చనక్కర్లేదు."

వాస్తవం: ఇక్కడ పోయేది డబ్బు కాదు, కన్ను. ప్రైమర్ కూడా లోడులో భాగమే. గరిష్ఠానికి దగ్గరగా ఉన్న లోడులో ప్రైమర్ మారిస్తే ఒత్తిడి హద్దు దాటవచ్చు. రీలోడింగ్ మాన్యువల్‌లోని ప్రారంభ కొలతకు దిగి మళ్ళీ మెట్టుమెట్టుగా ఎక్కాలి. ఇందులో బేరం లేదు.

అపోహ: "కాల్చాక ప్రైమర్ చదును కాలేదు కాబట్టి ఒత్తిడి తక్కువే."

వాస్తవం: కప్పు గట్టిదైతే ఒత్తిడి ఎక్కువైనా చదును కాదు. మెత్తటిదైతే, లేదా హెడ్‌స్పేస్ (బోల్టుకూ కేసుకూ మధ్య ఖాళీ) ఎక్కువైతే, మామూలు లోడుకే చదునవుతుంది. సీసీఐ 400 కప్పు కంటే 450 కప్పు మందం. ఆ రెండింటినీ ఒకే చూపుతో చదవలేరు.

అపోహ: "మ్యాగ్నమ్ ప్రైమర్ మ్యాగ్నమ్ రైఫిల్‌కే."

వాస్తవం: పేరును పట్టుకుని వేలాడకండి. మ్యాగ్నమ్ ప్రైమర్ అంటే మామూలుదానికంటే ఎక్కువ మంట ఇచ్చేది. అంటుకోవడానికి మొరాయించే బాల్ పౌడర్లకు (గుండ్రటి గింజల పౌడర్లకు), గడ్డకట్టే చలికి చిన్న కేసుల్లోనూ అది పనికొస్తుంది. మాన్యువల్ ఏది చెబితే అది.

అపోహ: "ఎం1ఏలో కూడా మెత్తటి మ్యాచ్ ప్రైమరే వాడాలి."

వాస్తవం: ఎం1ఏ తరువాతి రౌండును తనంతట తానే ఎక్కించుకునే రైఫిల్; అందులో ఫైరింగ్ పిన్ స్ప్రింగు లేకుండా వదులుగా ఉంటుంది. రౌండు చాంబర్‌లోకి వెళ్ళేటప్పుడే ప్రైమర్‌ను తాకి చిన్న చొట్ట పెడుతుంది. అంత తేలిగ్గా పేలని సీసీఐ 34 లాంటి సైనిక ప్రమాణపు ప్రైమర్లు ఉన్నది ఇందుకే.

అపోహ: "ప్రైమర్లు ఇంట్లో ఉంటే ఇల్లు పేలిపోతుంది."

వాస్తవం: ఇది ఎక్కువగా అడిగేది షూటర్లు కాదు, వాళ్ళ ఇంటివాళ్ళు. "మా ఆవిడ గ్యారేజీలోకి అడుగు పెట్టడం లేదండీ" అని ఒకాయన మొర పెట్టుకున్నారు. ఆవిడ భయాన్ని నవ్వి కొట్టిపారేయకండి, కారణం ఉంది. ఫ్యాక్టరీ పెట్టెలో ఒక్కో ప్రైమర్ విడివిడిగా కూర్చుని ఉంటుంది. ఒకటి పేలినా పక్కదానికి అంటకుండా చేసిన ఏర్పాటది. అమెరికా అగ్నిరక్షణ సంస్థ ఎన్‌ఎఫ్‌పీఏ వారి 495 ప్రమాణం ఇంట్లో 10,000 ప్రైమర్ల దాకా అనుమతిస్తుంది. మీ ఊరి నిబంధన ఇంకా తక్కువ చెప్పవచ్చు, కనుక్కోండి. చల్లగా, పొడిగా ఉండే తాళం వేసిన అల్మారా మంచిది. వేసవిలో టెక్సస్ గ్యారేజీ మంచిది కాదు. వందల ప్రైమర్లను గాజు సీసాలో గుమ్మరించి పెడితే మాత్రం ఆవిడ భయమే నిజమవుతుంది, ఒకటి పేలితే అన్నీ ఒక్కసారే పేలతాయి. అలాంటి సీసా ఉందని ఎవరైనా చెబితే, దాన్ని కదిలించకుండా ముందు అగ్నిమాపక శాఖకు ఫోను చేయమంటాను, క్లాసు సంగతి తరువాత.