ఎండ తోస్తే కదిలే కొండ

సూర్యుడు నడినెత్తిన ఉండేది పన్నెండింటికే అయినా, ఎండ అసలు మండేది రెండు మూడు గంటలప్పుడు. నేల వేడెక్కడానికి కాస్త టైమ్ పడుతుంది కదా. తన చుట్టూ తాను తిరిగే గ్రహశకలం సంగతీ అంతే. దాని మీద అన్నిటికన్నా వేడిగా ఉండేది మధ్యాహ్నం దాటిన వైపే. ఈ కాస్త ఆలస్యమే కొండంత రాయిని కక్ష్యలోంచి మెల్లగా జరుపుతుంది.

వేడెక్కిన రాయి ఆ వేడిని పరారుణ కాంతిగా వదిలేస్తుంది. తుపాకీ పేల్చినప్పుడు భుజానికి దెబ్బ తగిలినట్టే, బయటికి పోయే ప్రతి ఫోటాన్, అంటే కాంతి రేణువు, రాయిని ఎదురు దిశలో రవ్వంత నెడుతుంది. వేడి వైపు నుంచి ఫోటాన్లు ఎక్కువగా పోతాయి కాబట్టి తోపు ఒక పక్కకే మొగ్గుతుంది. రాయి సూర్యుడి చుట్టూ తిరిగే దిశలోనే తన చుట్టూ తానూ తిరుగుతుంటే వేడి వైపు వెనక పక్కన ఉంటుంది. తోపు ముందుకు పడుతుంది, కక్ష్య పెద్దదవుతుంది. ఎదురు దిశలో తిరిగితే కక్ష్య చిన్నదవుతుంది.

దీన్ని యార్కోవ్‌స్కీ ప్రభావం అంటారు. ఇవాన్ యార్కోవ్‌స్కీ ఒక ఇంజనీరు. అంతరిక్షం నిండా ఈథర్ అనే కనిపించని పదార్థం ఉందని నమ్మి, దాని రాపిడిని గ్రహాలు ఎలా తట్టుకుంటున్నాయో చెప్పబోయి 1900 ప్రాంతంలో ఈ ఊహ చేశాడు. ఈథర్ అబద్ధమని తేలింది, ఊహ మాత్రం నిలిచింది. అదైనా, తను 1909 ప్రాంతంలో చదివిన ఆ చిన్న పుస్తకాన్ని ఎర్న్‌స్ట్ ఓపిక్ అనే ఎస్టోనియా ఖగోళ శాస్త్రవేత్త గుర్తుపెట్టుకుని 1951లో ప్రస్తావించబట్టి! నలభై ఏళ్ల జ్ఞాపకం, మాటలు కాదు.

కళ్లకు కట్టే రుజువు 2003లో దొరికింది. అరకిలోమీటరు సైజున్న గోలెవ్కా అనే గ్రహశకలాన్ని పోర్టోరికోలోని ఆరెసిబో రాడార్‌తో చూస్తే, గురుత్వాకర్షణ లెక్క చెప్పిన చోటికి అది 15 కిలోమీటర్లు పక్కన ఉంది. పన్నెండేళ్లలో వచ్చిన తేడా అది. దాదాపు 21 కోట్ల టన్నుల ఆ రాయిని అంత దూరం జరిపిన బలం ఎంతనుకున్నారు? మన చేతిలో పెట్టిన 28 గ్రాముల బరువంత!

బెన్నూ అనే ఇంకో గ్రహశకలం విషయంలో మాత్రం ఇది వింతగా చూసి వదిలేసే సంగతి కాదు. దాని కక్ష్య ఏడాదికి సుమారు 284 మీటర్ల చొప్పున కుంచించుకుపోతోంది. 2182 సెప్టెంబర్ 24న అది భూమిని ఢీకొనే అవకాశం 2,700లో ఒక వంతు. ఈ తోపును లెక్కలోకి తీసుకోకుండా అంత దూరపు తేదీ గురించి ఏమీ చెప్పలేం. అలాంటి రాళ్లకు తెల్లరంగు పూస్తే చాలన్న ప్రతిపాదన కూడా ఉంది. ఒళ్లు తెల్లబడితే ఎండను తక్కువ పీల్చుకుంటుంది, తోపు తగ్గుతుంది, దారి మారుతుంది. కాకపోతే ఆ పని దశాబ్దాల ముందే మొదలుపెట్టాలి.