రాయి పగిలే చప్పుడు

1983 డిసెంబరులో అమెరికాలోని న్యూ మెక్సికో కొండల్లో, ఫెంటన్ హిల్ అనే చోట, లాస్ అలమోస్ ప్రయోగశాల వాళ్ళు ఒక బావిలోకి 2 కోట్ల లీటర్లకు పైగా నీటిని ఒత్తిడితో దింపారు. ఆ నీరు చేరింది సుమారు మూడున్నర కిలోమీటర్ల లోతున ఉన్న వేడి గ్రానైటులోకి. రాయి పగలాలి, ఆ పగుళ్ళు పైకి పాకి, కాస్త ఎగువన తవ్వి ఉంచిన రెండో బావిని అందుకోవాలి. రాయి పగిలింది. పగుళ్ళు మాత్రం వేరే దిక్కు పట్టాయి. బావులు రెండూ కలవలేదు.

అంత శ్రమ భూమి లోపలి వేడితో కరెంటు తీయడానికి. ఆ వేడికి కరువు లేదు. చాలాచోట్ల కిలోమీటరు లోతుకు 25 నుంచి 30 డిగ్రీల చొప్పున పెరుగుతుంది. పాత అగ్నిపర్వతం పక్కనున్న ఫెంటన్ హిల్‌లో నాలుగు కిలోమీటర్లు దాటాక 300 డిగ్రీలకు మించింది. ఆ వేడిని మోసుకొచ్చే నీరే కావాలి. మన మణుగూరు దగ్గర పగిడేరులో ఆ పని ప్రకృతే చేసిపెట్టింది: బోరు నుంచి వేడినీళ్ళు వాటంతటవే ఉబికివస్తాయి, వాటితో సింగరేణి 20 కిలోవాట్ల చిన్న ప్రయోగ కేంద్రం పెట్టింది. అలాంటి చోట్లు అరుదు. ఎండు గ్రానైటు అలా కాదు, దాదాపు ప్రతి ఖండం కిందా ఉంది. ఒక ఘన కిలోమీటరు రాతిని 100 డిగ్రీలు చల్లార్చి, వచ్చిన వేడిలో పదో వంతే కరెంటుగా మార్చినా, 20 మెగావాట్ల కేంద్రం 30 ఏళ్ళు నడుస్తుంది.

లెక్క ఘనంగానే ఉంది, చిక్కంతా రాయి స్వభావంలో ఉంది. మండు వేసవిలో కాగిన బండ మీద బిందెడు నీళ్ళు కుమ్మరించండి. పైన చప్పున చల్లబడుతుంది. కాసేపటికి లోపలి వేడి నింపాదిగా పైకి వస్తుంది. గ్రానైటు వేడిని దాచుకోవడంలో ఎంత గట్టిదో, ఇవ్వడంలో అంత పిసినారి. ఒకే పెద్ద పగులులోంచి నీరు పారితే దాని గోడలు త్వరగా చల్లారిపోతాయి. వందల సన్నని పగుళ్ళలో నీరు పరచుకుని, తీరిగ్గా కాగి, ఆ పక్క బావిలోంచి పైకి రావాలి.

ఫెంటన్ హిల్ వాళ్ళను గట్టెక్కించింది చప్పుడు. రాయి చిట్లినప్పుడల్లా మనిషికి తెలియనంత చిన్న కంపనం పుడుతుంది. బావుల్లో దింపిన పరికరాలు వాటిని పట్టుకుంటే, ఏ చిట్లు ఎక్కడ పుట్టిందో పటం గీయవచ్చు. ఆ పటం చూశాక పగుళ్ళను బావి దగ్గరికి రప్పించాలన్న పట్టు వదిలి, బావినే పగుళ్ళలోకి మళ్ళించి తవ్వారు. నీరు ఈ బావి నుంచి ఆ బావికి పారింది. ఈ రంగంలో నాకు అన్నిటికన్నా తెలివైన పనిగా కనిపించేది ఇదే.

ఆ చప్పుడే స్విట్జర్లాండులోని బాజెల్ నగరంలో జనానికి వినబడింది. 2006 డిసెంబరులో అక్కడ 5 కిలోమీటర్ల బావిలోకి నీరు పంపుతుంటే కంపనాలు పెరిగాయి. పంపడం ఆపిన కొన్ని గంటలకు 3.4 తీవ్రతతో భూమి కదిలింది. గోడలు బీటలు వారాయి. 1356 నాటి మహా భూకంపంలో కూలిన ఊరు అది, జనం ఊరుకుంటారా? 2009లో ప్రాజెక్టు మూతపడింది. దక్షిణ కొరియాలోని పోహాంగ్‌లో జరిగింది ఇంకా ఘోరం. 2017 నవంబరు 15న 5.5 తీవ్రతతో వచ్చిన భూకంపానికి దేశమంతటా విశ్వవిద్యాలయ ప్రవేశ పరీక్షను వారం వాయిదా వేశారు. నీరు పంపడం అప్పటికి దాదాపు రెండు నెలల ముందే ఆగింది. లోపల ఎవరూ గుర్తించని భ్రంశాన్ని, అంటే రాతిపొరలు జారే పాత చీలికను, ఆ నీరే కదిలించిందని 2019లో నిపుణుల సంఘం తేల్చింది. చిన్న చప్పుళ్ళు వినడం ఒక ఎత్తు, అవి దేనికి ముందు మాటో పోల్చుకోవడం మరో ఎత్తు.

ఇప్పుడు చమురు బావుల విద్య ఈ రంగంలోకి వచ్చింది. నెవడాలో ఫెర్వో అనే సంస్థ రెండు బావులను నిలువుగా దింపి, అడుగున దాదాపు కిలోమీటరు మేర అడ్డంగా తిప్పి, వాటి మధ్య రాతిని దశలవారీగా పగలగొట్టింది. బావి పొడవునా ఉన్న గాజు తీగలు (ఆప్టికల్ ఫైబర్) లోపలి ఉష్ణోగ్రతనూ కంపనాన్నీ చెబుతూ ఉంటాయి. 2023లో 30 రోజుల పరీక్షలో సెకనుకు 63 లీటర్ల నీరు పారింది. అది సుమారు మూడున్నర మెగావాట్ల కరెంటుకు సరిపడే వేడి. బాగానే ఉంది. అయితే పగుళ్ళ గోడలు ఎంత త్వరగా చల్లారతాయో తేలడానికి 30 రోజులు చాలవు. కాగిన బండ మీద నీళ్ళు పోసినప్పుడు కూడా మొదటి బిందె ఎప్పుడూ వెచ్చగానే జారుతుంది.