కసి ఉంటే బరువు లేస్తుందా? అపోహలు - వాస్తవాలు

విజయనగరం పక్కన ఒక పల్లెలో పిల్లలకి వెయిట్‌లిఫ్టింగ్ నేర్పిస్తాను. వెయిట్‌లిఫ్టర్ల ఊరుగా పేరున్న కొండవెలగాడ మాకు దగ్గరే, కాబట్టి బరువులెత్తే ఇనప బార్ అంటే ఇక్కడ ఎవరికీ వింత కాదు. పెద్దవాళ్లు మాత్రం నన్ను టెక్నిక్ గురించి అడగరు. "మావోడికి పట్టుదల లేదు మాస్టారూ, కొంచెం పుట్టించండి" అంటారు, నా దగ్గరేదో మందున్నట్టు.

అపోహ: ముందు కసి పుట్టాలి, తర్వాతే ప్రాక్టీస్.

వాస్తవం: పొద్దున్న ఐదున్నరకి కసి ఎవరికీ ఉండదు. నాకూ ఉండదు. చోడి అంబలి తాగి, లేసులు కట్టుకుని, ఖాళీ బార్‌తో నాలుగు సెట్లు చేశాక ఒళ్లు వేడెక్కుతుంది. మనసు దాని వెనకాలే వస్తుంది. అందుకే మా హాల్లో రూల్ ఒకటే: బుద్ధి పుట్టని రోజు కూడా వచ్చి ఖాళీ బార్ పట్టుకో. అప్పటికీ కుదరకపోతే ఇంటికెళ్లిపో, ఏమీ అనను. అలా వెళ్లిపోయినవాళ్లు చాలా తక్కువ. "రేపట్నుంచి గట్టిగా చేస్తాను" అంటే నేను నమ్మను. "కేంద్రంలో పాలు పోసి తిన్నగా హాల్‌కే వస్తాను" అంటే నమ్ముతాను.

అపోహ: 21 రోజులు చేస్తే అలవాటైపోతుంది.

వాస్తవం: లండన్ యూనివర్సిటీ కాలేజీ పరిశోధకులు 96 మందిని గమనించి చూస్తే, కొందరికి 18 రోజులే పట్టింది, కొందరికి 254 దాకా పడుతుందని లెక్క తేలింది. మధ్యస్థంగా 66. ఒకరోజు మానినా పెద్ద తేడా రాలేదట. పైడితల్లి సిరిమాను పండగ నాడు హాల్లో నేనొక్కణ్ణే ఉంటాను, ఫర్వాలేదు. మానినందుకు సిగ్గుపడి మర్నాడు కూడా రాకపోతేనే నాకు టెన్షన్.

అపోహ: మనసు గట్టివాళ్లు ఫెయిలవ్వరు.

వాస్తవం: ఆమదాలవలస దగ్గర ఊసవానిపేట అమ్మాయి కరణం మల్లీశ్వరి, 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో స్నాచ్ (నేల నుంచి ఒకే ఊపులో తలపైకి) 110, క్లీన్ అండ్ జర్క్ (ముందు భుజాల మీదికి, తర్వాత తలపైకి) 130, మొత్తం 240 కిలోలతో కాంస్యం తెచ్చారు. బంగారం కోసం ఆఖరిసారి 137.5 కిలోలు పెట్టించారు. లేవలేదు. మా గోడ మీద ఆమె ఫొటో కింద ఆ 137.5 కూడా రాయించాను.

అపోహ: నొప్పి ఓర్చుకోవాలి.

వాస్తవం: కండ నొప్పైతే ఓర్చుకో. కీలు నొప్పైతే ఆపు.

అపోహ: తిడితేనే పిల్లలు గట్టిపడతారు.

వాస్తవం: నాకు నేర్పినాయన అలాగే అనుకునేవారు. ఒక పోటీలో నా రెండు స్నాచ్‌లు పోయాక అందరి ముందూ తిట్టారు. పౌరుషం పొడుచుకొచ్చి, మూడోదానికి ఇంకో ఐదు కిలోలు పెంచమన్నాను. అదీ పోయింది. ఉన్నవే మూడు ఛాన్సులు, మూడు స్నాచ్‌లూ పోతే ఇక రెండు లిఫ్టులూ కలిపి లెక్కేసే టోటలే ఉండదు. సంచి సర్దుకుని బస్సెక్కాను.

మొన్న మా దగ్గరో పిల్లకి 48 కిలోలు పువ్వులా లేస్తున్నాయి, 50 మాత్రం లేవడం లేదు. బార్ ఛాతీ దాకా రాగానే వదిలేస్తోంది. దాని భయం బరువంటే కాదు, 50 అనే అంకె అంటే. తిట్టలేదు. గోడవైపు తిరిగి నిలబడమని ప్లేట్లు నేనే ఎక్కించి, పైన తువ్వాలు కప్పాను.

"ఎంతేశారు మాస్టారూ?"

"నీకెందుకే, లాగు."

లాగింది. నిలబడింది. కింద వదిలాక తువ్వాలు తీసి, వేళ్ల మీద రెండుసార్లు లెక్కపెట్టుకుంది. 51.

"మోసం చేశారు" అని చాక్ పౌడర్ చేతుల్తోనే మొహం తుడుచుకుంది.